చియాంగ్ మాయ్‌లో కాపురం: కొత్తగా వచ్చే తెలుగువారికి కొన్ని సూచనలు

ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌ను చూడడానికి మనవాళ్ళు ఎక్కువగా డిసెంబరులోనో జనవరిలోనో వస్తారు. ఆ రోజుల్లో తెల్లవారుజామున శాలువా కప్పుకోవాలనిపించే చలి ఉంటుంది, పాత నగరం చుట్టూ ఉన్న కందకం గట్టున నడుస్తుంటే దోయ్ సుతేప్ కొండ మీది గుడి ఎండకు మెరుస్తూ కనిపిస్తుంది, రెండు వారాలు గడిచేసరికి ఇక్కడే ఉండిపోదామన్న ఆలోచన దంపతులిద్దరికీ ఒకేసారి కలుగుతుంది. ఆ ఆలోచనను మార్చి దాకా వాయిదా వేయండి, మార్చిలో మరొకసారి వచ్చి చూడండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాల్లో మోళ్ళు తగలబెట్టడం వల్ల, అడవులు కాలడం వల్ల, సరిహద్దుకు అవతల బర్మాలో లేచే పొగ కూడా వచ్చి చేరడం వల్ల, కొండల నడుమ గిన్నెలా ఉన్న ఈ ఊరిలో గాలి కదలక పొగ పేరుకుపోతుంది. అదే దోయ్ సుతేప్ రోజుల తరబడి కనిపించకుండా పోతుంది, బాల్కనీలో ఆరేసిన పంచె సాయంత్రానికి కమురు వాసన వేస్తుంది. ఉబ్బసమో గుండె జబ్బో ఉన్నవారు ఆ కాలమంతా ఊరు వదిలిపెట్టవలసిందే. మేము ప్రతి సంవత్సరమూ ఆ రోజుల్లో గుంటూరు వెళ్ళి, ఎండలు భరించి, ఆవకాయ పెట్టుకుని తిరిగి వస్తాము. ఆ ప్రయాణం ఖర్చును చియాంగ్ మాయ్ ఖర్చులోనే వేసుకోవాలన్న సంగతి మాకు రెండో సంవత్సరానికి గాని తట్టలేదు.

ఖర్చు మాట వచ్చింది కనుక, ఇది చవకైన దేశమన్న మాటను కొంచెం నిదానంగా పరిశీలించాలి. ఒక పడకగది ఉన్న మంచి కాండోకు, అంటే అపార్ట్‌మెంటు ఫ్లాటుకు, నెలకు సుమారు 10,000 నుంచి 15,000 బాత్‌ల అద్దె ఉంటుంది. బాత్ విలువ ఈ మధ్య రెండున్నర రూపాయలకు పైనే ఉంటున్నది కనుక, 12,000 బాత్‌లంటే మన లెక్కలో ముప్పై వేలు దాటిందన్నమాట. అమెరికాలో ఉద్యోగం చేసి సోషల్ సెక్యూరిటీ పెన్షన్ డాలర్లలో అందుకునేవారికి, విదేశీ కంపెనీకి ఇంటి నుంచి పనిచేసే యువకులకు ఇది నిజంగానే చవక. రూపాయల్లో పెన్షన్ తీసుకునే విశ్రాంత ఉపాధ్యాయునికి మాత్రం తెనాలిలో సొంత ఇల్లు వదిలి ఇక్కడికి రావడంలో ఆదా ఏమీ లేదు. శుభ్రమైన వీధులు, చక్కటి ఆసుపత్రులు, చదును రోడ్ల కోసం వస్తానంటే రావచ్చు గాని, డబ్బు మిగులుతుందని మాత్రం రాకండి. చవక అనేది మీ ఆదాయం ఏ కరెన్సీలో ఉన్నదన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇల్లు వెతకడం ఇక్కడికి వచ్చి, నెల రోజులు సర్వీస్ అపార్ట్‌మెంటులో దిగి, కాలినడకన చేయవలసిన పని. నిమ్మాన్ ప్రాంతం యువకులకు సరదాగా ఉంటుంది గాని, విమానాల చప్పుడు ఎక్కువ. మా వయసువారికి సన్ సాయ్, హాంగ్ దోంగ్ వైపు ఇళ్ళు నెమ్మదిగా ఉంటాయి, కాకపోతే అక్కడ సొంత వాహనం లేనిదే ఉప్పు ప్యాకెట్టు కూడా రాదు. సాధారణంగా రెండు నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు. కరెంటు బిల్లు ఎవరికి కట్టాలో ఒప్పందానికి ముందే అడగండి. ప్రభుత్వ విద్యుత్ సంస్థకు నేరుగా కడితే యూనిట్‌కు నాలుగు బాత్‌లు, కాస్త అటూ ఇటూ. భవనం యజమానికి కడితే ఏడు, ఎనిమిది కూడా వేస్తారు, ఏప్రిల్‌లో ఏసీ వేసుకునే ఇంటికి ఆ తేడా చిన్నది కాదు.

ఇంటి యజమానితో తేల్చుకోవలసిన మరొక విషయం టీఎం 30 అనే కాగితం. విదేశీయుడు తన ఇంట్లో దిగిన 24 గంటల్లోగా యజమాని ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలన్నది ఇక్కడి చట్టం. మా మొదటి యజమానురాలు మామిడిపళ్ళు తెచ్చి ఇచ్చేటంత మంచి మనిషి, కానీ ఆ కాగితం సంగతి ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. మూడో నెలలో వీసా గడువు పొడిగింపు కోసం ఇమిగ్రేషన్ కౌంటరు ముందు కూర్చున్నప్పుడు అధికారిణి పాస్‌పోర్టులు రెండు సార్లు తిరగేసి, కంప్యూటరు చూసి, ఏమీ మాట్లాడకుండా మా ఫైలును మా వైపే జరిపింది. జరిమానా కట్టి, కాగితం చేయించుకుని, మళ్ళీ వరుసలో నిలబడేసరికి రెండు రోజులు పట్టింది. అద్దె ఒప్పందం మీద సంతకం చేసిన రోజునే టీఎం 30 రసీదు చేతికి తీసుకోండి.

వీసా విషయానికి వస్తే, 50 సంవత్సరాలు నిండినవారికి విశ్రాంత జీవనం ఆధారంగా ఏడాదికొకసారి పొడిగించుకునే అనుమతి ఉన్నది. దానికి థాయి బ్యాంకులో మీ పేరు మీద 8 లక్షల బాత్‌లు ఉండాలి, లేదా నెలకు 65,000 బాత్‌ల ఆదాయం చూపాలి. చాలామంది మొదటి మార్గమే పడతారు. ఇక్కడ తేదీల లెక్క ముఖ్యం. ఈ పొడిగింపుకు మొదటి మెట్టయిన నాన్ ఇమిగ్రెంట్ ఓ వీసా మీద వచ్చినవారికి మొదట దొరికేది 90 రోజులు. పొడిగింపుకు దరఖాస్తు చేసేనాటికి ఆ డబ్బు బ్యాంకులో రెండు నెలలు నిలిచి ఉండాలి. అంటే దిగిన మొదటి నెలలోనే ఖాతా తెరిచి, భారతదేశం నుంచి డబ్బు తెప్పించి జమ చేయాలి, ఊరు చూద్దాం, ఆ తర్వాత బ్యాంకు చూద్దాం అనుకుంటే కుదరదు. అనుమతి వచ్చాక కూడా మూడు నెలల దాకా 8 లక్షలు, ఆ తర్వాత 4 లక్షలు తగ్గకుండా చూసుకోవాలి. అది మీ డబ్బే, కానీ ఖర్చుకు పనికిరాని డబ్బు అని ముందే అనుకోండి. దరఖాస్తు రోజు ఉదయం బ్యాంకుకు వెళ్ళి వంద బాత్‌లు వేసి పాస్‌బుక్ ప్రింటు చేయించుకుని, ఆ లావాదేవీ కనిపించే పేజీ నకలు జత చేయడం ఇక్కడ అందరూ పాటించే పద్ధతి.

పొడిగింపు రుసుము 1,900 బాత్‌లు. ఆ తర్వాత ప్రతి 90 రోజులకూ నివాసం తెలియజేయాలి, మరిచిపోతే 2,000 బాత్‌ల జరిమానా. వీటన్నిటికంటే ఎక్కువగా మనవాళ్ళను దెబ్బ తీసేది రీ ఎంట్రీ పర్మిట్. అది తీసుకోకుండా దేశం దాటితే, ఎంత గడువు మిగిలి ఉన్నా మీ అనుమతి అక్కడితో రద్దవుతుంది. ఒకసారికి 1,000, ఏడాదంతా ఎన్నిసార్లైనా వెళ్ళి రావడానికి 3,800 బాత్‌లు. మనకు పెళ్ళిళ్ళు, కార్యాలు, గృహప్రవేశాలు చెప్పి రావు కనుక పొడిగింపు రోజునే 3,800ది తీసుకోవడం మంచిది. మేనల్లుడి పెళ్ళికి హడావిడిగా రాజమండ్రి వెళ్ళి, తిరిగి వచ్చి మొత్తం వ్యవహారాన్ని మొదటి నుంచి మొదలుపెట్టిన ఒక పెద్దమనిషి నాకు తెలుసు.

ఇంటి నుంచి పనిచేసేవారి కోసం 2024 జూలైలో డీటీవీ అనే వీసా వచ్చింది. 5 సంవత్సరాలు చెల్లుతుంది, వచ్చిన ప్రతిసారీ 180 రోజులు ఉండవచ్చు, 5 లక్షల బాత్‌ల నిల్వ, విదేశీ సంస్థకు పని చేస్తున్నట్టు ఆధారం చూపాలి. థాయి కంపెనీకి పని చేయడానికి మాత్రం ఇది కుదరదు. విశ్రాంత అనుమతి మీద ఉన్నవారైతే జీతం లేని పని కూడా అనుమతి లేకుండా చేయకూడదు, బడిలో పిల్లలకు లెక్కలు చెబుదామన్న సదుద్దేశమైనా సరే.

భారతదేశం నుంచి డబ్బు తెచ్చుకోవడంలో చిక్కు ఉన్నది. మీరు ఇంకా అక్కడి నివాసిగా ఉండగా పంపితే అది విదేశాలకు సొమ్ము పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కిందికి వస్తుంది, ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి మనకు అడ్డు కాదు గాని, 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటారు. 8 లక్షల బాత్‌లంటే ఇరవై లక్షల రూపాయలకు పైనే కనుక, చేతిలో ఆ అదనపు సొమ్ము కూడా ఉండాలి. రిటర్నులో అది తిరిగి వస్తుంది, కానీ వచ్చేది తర్వాత. మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపితే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపూ కలిసి వస్తుంది. ప్రవాసిగా మారిన తర్వాత మామూలు పొదుపు ఖాతాలను ప్రవాసులకు ఉద్దేశించిన ఎన్‌ఆర్‌ఓ ఖాతాలుగా మార్పించుకోవాలి. చాలామంది బద్ధకించే పని ఇదే. ఇక అమెరికా పౌరులైన తెలుగువారు విదేశీ ఖాతాల్లో కలిపి 10,000 డాలర్లు దాటితే ఏటా ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి, ఇక్కడి డిపాజిట్ ఒక్కటే ఆ మొత్తాన్ని దాటుతుంది.

పన్ను గురించి రెండు ముక్కలు. జనవరి నుంచి డిసెంబరు లోపల 180 రోజులు ఇక్కడ ఉంటే మీరు థాయి పన్ను నివాసి. 2024 జనవరి 1 నుంచి విదేశంలో సంపాదించి ఇక్కడికి తెచ్చుకున్న ఆదాయం కూడా పన్ను లెక్కలోకి వస్తుంది. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉన్నది, అయితే ప్రభుత్వ పెన్షన్, ప్రైవేటు పెన్షన్, వడ్డీ అన్నిటికీ ఒకే సూత్రం వర్తించదు కనుక, బయలుదేరక ముందే ఇది తెలిసిన ఆడిటరు దగ్గర ఒక గంట కూర్చోండి.

భారతదేశపు సిమ్ కార్డును ఎట్టి పరిస్థితిలోనూ చావనివ్వకండి. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, పెన్షన్ సంబంధమైన సందేశం అన్నీ దానికే వస్తాయి. రోమింగ్‌లో సందేశాలు అందుతున్నాయో లేదో విమానం ఎక్కక ముందే తేల్చుకోండి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో, రాష్ట్ర పెన్షనర్లు తమ ట్రెజరీ చెప్పిన గడువులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. చియాంగ్ మాయ్‌లోనే భారత కాన్సులేట్ ఉన్నది కనుక దాని కోసం బ్యాంకాక్ దాకా వెళ్ళనక్కరలేదు.

వైద్యం బాగుంటుంది, ప్రైవేటులో ఖరీదు. భారతదేశంలో తీసుకున్న ఆరోగ్య బీమాలు సాధారణంగా ఇక్కడ పనిచేయవు, అమెరికాలో వృద్ధులకిచ్చే మెడికేర్ బీమా అసలు పనిచేయదు. డెబ్బై దాటాక కొత్త బీమా దొరకడం కష్టం, దొరికినా పాత జబ్బులను మినహాయిస్తారు. నిద్రమాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు ఇక్కడ కఠిన నియంత్రణలో ఉన్నవి. డాక్టరు చీటీ లేకుండా సంచిలో వేసుకోకండి. అంబులెన్సుకు 1669, పోలీసుకు 191. స్కూటరు అద్దెకిచ్చేవారు లైసెన్సు అడగరు, ప్రమాదం జరిగాక బీమావారు మాత్రం తప్పకుండా అడుగుతారు.

తిండి విషయంలో మనవారి భయం అవసరమైన దానికంటే ఎక్కువ. శాకాహారులకు ఇబ్బంది కూరల్లో కంటే వాటిలో పోసే నామ్ ప్లా అనే చేపల సాస్‌లో, కపి అనే రొయ్యల ముద్దలో ఉంటుంది, కూరగాయలే వేసి వండినా వంటమనిషికి అది ఉప్పుతో సమానం. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలు, మన కళ్ళకు 17 అంకెలా కనిపించేవి, ఉన్న చోట తినండి. ఆ అక్షరాలను జే అని చదువుతారు, అక్కడ చేపా గుడ్డూ పాలూ ఉండవు, ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు. ఏటా తొమ్మిది రోజులు జే పండుగ జరుగుతుంది, చాలా సంవత్సరాలు అది మన దేవీ నవరాత్రుల రోజుల్లోనే వస్తుంది.

బజారులో మునక్కాడలు దొరుకుతాయి, చింతపండు దొరుకుతుంది. దొండ తీగ విషయంలో మాత్రం వీరిది వేరే దారి. ఆకును పులుసులో వేసుకుంటారు, కాయ జోలికి అంతగా పోరు. బాన్ హో మసీదు దగ్గర శుక్రవారం ఉదయం జరిగే సంతకు ఒకసారి తప్పక వెళ్ళండి, చైనాలోని యునాన్ నుంచి వచ్చిన ముస్లిములు, షాన్ తెగవారు, బర్మా వారు సరుకు తెస్తారు. అక్కడ ఒక ముసలమ్మ ముందు ఎర్ర కాడల ఆకుకూర కట్టలు చూసి మా ఆవిడ ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని, కళ్ళు చిట్లించి, ఉన్న కట్టలన్నీ కొనేసింది. బర్మా వాళ్ళు చిన్ బౌంగ్ అనే ఆ ఆకు మన గోంగూరే. నూనె, మిరపకాయలు ఎక్కడైనా ఉంటాయి కనుక గుంటూరు నుంచి గోంగూర పచ్చడి సీసాలు మోసుకురావడం ఆనాటితో మానేశాము. సోనా మసూరి మాత్రం భారతీయ దుకాణాల్లోనే, ఇంటి ధరకు ఎన్నో రెట్లకు. ఇక్కడి మల్లె బియ్యానికి, అంటే జాస్మిన్ రైస్‌కు, నీళ్ళు తగ్గించి వండడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

పాల డబ్బా మీది తేదీలో సంవత్సరం 68 లాంటి అంకెలతో కనిపిస్తే కంగారుపడకండి. ఇక్కడ బుద్ధ శకం వాడుతారు, మన సంవత్సరానికి 543 కలిపితే వస్తుంది, 2025 ఇక్కడ 2568. బిల్లుల మీద, ప్రభుత్వ కాగితాల మీద కూడా అంతే.

చివరిగా, దంపతులుగా వచ్చేవారికి. భర్త పేరు మీద 8 లక్షలు చూపి, భార్యను ఆధారితురాలిగా పెట్టడం చట్టం ఒప్పుకుంటుంది, ఖర్చూ తగ్గుతుంది, మేమూ అలాగే చేశాము. కానీ ఆయన పోతే ఆమె ఇక్కడ ఉండడానికి ఆధారం పోతుంది, ఖాతాలోని డబ్బు కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా నిలిచిపోతుంది. అందుచేత థాయి భాషలో ఒక వీలునామా రాయించండి, ఆమె పేరు మీద వేరే ఖాతాలో ఆరు నెలల ఖర్చు ఉంచండి, వచ్చే 90 రోజుల రిపోర్టుకు పాస్‌పోర్టులూ కాగితాలూ ఆమె చేతికే ఇచ్చి, మీరు వెనుక కుర్చీలో కూర్చుని, కౌంటరు దగ్గరకు ఆమెనే పంపించండి.