పని స్థలానికి గట్టి రేడియో ఎంచుకోవడం ఎలా?

కొనే ముందు రేడియో ఎక్కడ ఉండబోతుందో చూసుకోవాలి. స్లాబ్ మీద ఎండలోనా, సెల్లార్‌లోనా, టైల్స్ కోసే యంత్రం పక్కనా అన్నదాన్ని బట్టి మిగతా నిర్ణయాలు మారతాయి.

తరువాత పెట్టె మీద ‘ఐపీ’ అక్షరాల పక్కనున్న అంకెలను చదవండి. మొదటి అంకె ధూళిని, రెండవది నీటిని తట్టుకునే శక్తిని చెబుతాయి. ఐపీ54 అంటే లోపలికి కొంత ధూళి చేరినా పనికి ఆటంకం ఉండదని, ఏ వైపు నుంచి నీళ్లు చిందినా తట్టుకుంటుందని అర్థం. ఐపీ65 అయితే ధూళి అసలు చొరబడదు. ‘ఐపీఎక్స్4’ వంటి రాత కనిపిస్తే, ధూళి విషయంలో ఏ హామీ లేదని గ్రహించాలి. సిమెంటు బస్తాలు విప్పే చోటికి అలాంటిది తీసుకోకపోవడమే మంచిది. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా పడకపోతే ఈ అంకెలన్నీ కాగితానికే పరిమితం. కింద పడితే తట్టుకునే సంగతి ఐపీ అంకెలు చెప్పవు కనుక, మూలలకు మందపాటి రబ్బరు గానీ చుట్టూ పైపు చట్రం గానీ ఉన్నదేమో విడిగా పరిశీలించాలి.

మీ దగ్గర ఇప్పటికే మకీటా, బాష్, డెవాల్ట్ వంటి బ్యాటరీ డ్రిల్లు ఉంటే అదే కంపెనీ రేడియో చూడండి, ఎందుకంటే ఒకరి బ్యాటరీ మరొకరి పరికరానికి సాధారణంగా పట్టదు. అయితే ఇలాంటి రేడియోల్లో చాలావాటికి బ్యాటరీని ఛార్జ్ చేసే ఏర్పాటు ఉండదు.

అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకునేవారు ఇక్కడ కాస్త ఆగాలి. అక్కడి అడాప్టర్ 120 వోల్టులకే తయారైతే మన 230 వోల్టులకు కాలిపోతుంది. అంతకన్నా కంటికి కనబడని చిక్కు ట్యూనింగ్‌లో ఉంది: అక్కడి ఎఫ్‌ఎం స్టేషన్లు 102.7, 102.9 అన్నట్టు బేసి దశాంశాల మీదే ఉంటాయి కనుక, కొన్ని డిజిటల్ సెట్లు 0.2 మెగాహెర్ట్జ్ చొప్పున దూకుతాయి. అలాంటి సెట్టులో హైదరాబాద్ రెయిన్‌బో 101.9 చక్కగా దొరుకుతుంది, వివిధ భారతి 102.8 మాత్రం దొరకదు. మీడియం వేవ్‌లోనూ స్టేషన్ల మధ్య అక్కడ 10 కిలోహెర్ట్జ్, ఇక్కడ 9 కిలోహెర్ట్జ్ అంతరం. దేశాన్ని మార్చుకునే సెట్టింగ్ ఉందో లేదో ముందే అడగండి.

యాంటెనా విషయంలో రాజీ తప్పదు. బయటికి లాగే లోహపు యాంటెనా సుమారు 75 సెంటీమీటర్ల పొడవులో ఎఫ్‌ఎంను బాగా అందుకుంటుంది, కానీ తగిలితే వంగి విరుగుతుంది. పొట్టి రబ్బరు యాంటెనా గట్టిదే అయినా, ఇనుప చువ్వల నడుమ, సెల్లార్‌లో దానికి సిగ్నల్ సరిగా అందదు. విరిగితే మార్చుకోగలిగే యాంటెనా ఉన్న సెట్టుకే నా ఓటు.

చివరిగా దుకాణంలో స్టేషన్ పెట్టి, చేతి తొడుగులతోనే బటన్లు నొక్కి, శబ్దాన్ని పూర్తిగా పెంచి రేడియో గొంతు పగులుతుందేమో వినండి. అంత శబ్దంతో సైట్‌లో మాత్రం వాడకూడదు: క్రేన్ దగ్గర కేకలు, వెనక్కి వచ్చే టిప్పర్ హారన్ రేడియోను దాటి వినిపించాలి. నీరు చేరితే వారంటీ వర్తిస్తుందో లేదో బిల్లు తీసుకునే ముందే చదివి చూసుకోండి.