ప్రాసెసర్ మార్చే ముందు జాగ్రత్తలు

పాత గేమింగ్ కంప్యూటర్‌కు ప్రాసెసర్ కొనే ముందు, లోపం దానిదేనా అని తేల్చుకోవాలి. ఆట నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డు వినియోగం 95 శాతం దాటి ఉంటే, ప్రాసెసర్ మార్చినా ఫ్రేములు (సెకనుకు తెరపై మారే బొమ్మలు) పెద్దగా పెరగవు. ఎండలు 40 డిగ్రీలు దాటే మా తిరుపతిలో, ముందుగా కూలర్ రెక్కల్లో పేరుకున్న దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోతే దాన్ని మార్చి చూడాలి. నా కంప్యూటర్ నత్తనడక సగం అక్కడే తీరింది.

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటైన సాకెట్ పేరు కలిస్తే చాలదు. 2017లో వచ్చిన ఇంటెల్ 8వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు 200 సిరీస్ బోర్డుల్లో, అదే ఎల్‌జీఏ 1151 సాకెట్ ఉన్నా, అధికారిక మద్దతు లేదు. ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం4 సాకెట్ బోర్డు ఉన్నవారు, బోర్డు తయారీదారు ఇచ్చిన మద్దతు జాబితాలో పేరుంటే, 2022 నాటి రైజెన్ 7 5800ఎక్స్3డీ అమర్చుకోవచ్చు గానీ, పాత ప్రాసెసర్ తీయకముందే, కరెంటు పోయినా ఆగకుండా యూపీఎస్ మీద, బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్ అయిన బయోస్‌ను అప్‌డేట్ చేయాలి. ఏఎం4 కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగకూడదు. పేస్టు అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడివస్తే పిన్నులు వంగుతాయి కనుక, కాసేపు ఆట ఆడి వేడెక్కించి, కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీశాక, కూలర్‌ను మెల్లగా అటూఇటూ తిప్పి తీయాలి.