వేవిళ్లా, అంతకు మించిందా? ఆగని వాంతులకు హార్మోన్ కారణాలు

సమస్య: గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు

పొద్దుట్నుంచి మూత్రం నాలుగు చుక్కలు, అదీ ముదురు పసుపు రంగులో. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. గర్భానికి ముందు 60 కిలోలున్న మనిషి 57కి దిగితే బరువులో 5 శాతం పోయినట్టే. ఇక దీన్ని వేవిళ్లని సరిపెట్టుకోకూడదు. డాక్టర్లు దీన్ని హైపర్‌ఎమెసిస్ అంటారు.

కారణం: చాలాకాలం నింద గర్భం వచ్చాక ఒంట్లో పెరిగే హెచ్‌సీజీ హార్మోన్ మీదే పడింది. ఇప్పుడు వేళ్లన్నీ జీడీఎఫ్-15 అనే మరో హార్మోన్ వైపు చూపిస్తున్నాయి. గర్భంలోని మాయ దీన్ని తల్లి రక్తంలోకి వదులుతుంది. అది మెదడు వెనక భాగానికి చేరి వికారం పుట్టిస్తుంది. 2023 డిసెంబర్‌లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో ఒక తమాషా తేలింది: గర్భానికి ముందు ఈ హార్మోన్ తక్కువగా ఉన్నవాళ్లకే బాధ ఎక్కువ. అలవాటు లేని ఒంటి మీద ఒక్కసారిగా వచ్చి పడుతుందన్నమాట. బీటా థలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్నవాళ్లకు ఇది ముందునుంచే ఎక్కువ, వాళ్లకు వికారం తక్కువ. 'అంతా టెన్షన్ వల్లే, మనసు గట్టి చేసుకో' అనే సలహాలు ఇంక పక్కన పెట్టొచ్చు.

పరిష్కారం: డాక్టర్లు తరచుగా మొదట ఇచ్చేది డాక్సిలమిన్, విటమిన్ బి6 కలిసిన మాత్ర. అది కూడా కక్కేస్తుంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మూత్రంలో కీటోన్లు (తిండి లేక ఒంట్లో కొవ్వు కరిగితే వచ్చే పదార్థాలు), రక్తంలో పొటాషియం చూసి సెలైన్ పెడతారు. రోజుల తరబడి వాంతులైతే గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇస్తారు. ఇది మర్చిపోతే మెదడుకే ముప్పు, కాబట్టి నోరు తెరిచి అడగండి.

సమస్య: గుండె దడ, రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) తక్కువ

హెచ్‌సీజీ రూపం టీఎస్‌హెచ్‌ను పోలి ఉంటుంది, దాంతో థైరాయిడ్ గ్రంథి మోసపోయి ఎక్కువగా పనిచేస్తుంది, టీఎస్‌హెచ్ తగ్గుతుంది. హెచ్‌సీజీ తగ్గేకొద్దీ ఇదీ సర్దుకుంటుంది, సాధారణంగా థైరాయిడ్ మందులు అక్కర్లేదు. గొంతు దగ్గర వాపు, కళ్లు ముందుకు పొడుచుకు రావడం ఉంటే మాత్రం అది వేరే జబ్బు, పరీక్ష చేయించాలి.

సమస్య: వాంతులతోపాటు రక్తస్రావం, నెలలకు మించి పెరిగిన పొట్ట

స్కాన్ వాయిదా వేయొద్దు. ముత్యాల గర్భమైతే (పిండం సరిగా ఏర్పడక మాయ అసాధారణంగా పెరిగే స్థితి) హెచ్‌సీజీ విపరీతంగా పెరుగుతుంది. కవలలున్నా ఎక్కువే.

సమస్య: 10 వారాలు దాటాక కొత్తగా మొదలైన వాంతులు

వెంటనే హార్మోన్లను అనుమానించకండి. జ్వరం, కడుపునొప్పి, మూత్రంలో మంట ఉన్నాయేమో ముందు చూడండి.