మన చెక్కతో క్లాసికల్ గిటార్ – 2వ పాఠం: కలప ఏరుకోవడం, ఆరబెట్టడం

పోయిన పాఠంలో నమూనా కాగితం గీసుకున్నాం. నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (పెట్టె మీద తీగలు ఆనే పట్టీ) దాకా 650 మిల్లీమీటర్లు, అందులో సరిగ్గా సగం, అంటే 325 దగ్గర, 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా దించే లోహపు కమ్మి). మెడ వచ్చి పెట్టెను కలిసేదీ అక్కడే. ఆ కాగితం గోడకు అంటించి ఉంచండి, ఇకముందు రోజూ పని ఉంటుంది. ఈసారి చెక్క సంగతి.

రోజ్‌వుడ్ లేనిదే గిటార్ కాదని ఎవరైనా బెదిరిస్తే వాళ్లకు టొర్రెస్ పేరు చెప్పండి. ఇప్పుడు మనం చూస్తున్న క్లాసికల్ గిటార్ ఆకారం, కొలతలు 19వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఆంటోనియో దె టొర్రెస్ చేతిలో కుదురుకున్నాయి. వడ్రంగం నేర్చి వచ్చిన మనిషి. ఆయన 1862లో ఒక గిటార్‌కు పక్కలు, వెనక అట్టతో చేశాడు. పై పలక మాత్రం ఎప్పటిలాగే స్ప్రూస్, చలి దేశాల్లో పెరిగే తేలిక చెక్క. పలికేది ప్రధానంగా పై పలకేనని చూపించడానికే ఆ పని చేశాడు. అందుకే నా లెక్క ఇది: పై పలకకు స్ప్రూస్ కొనండి, అక్కడ పిసినారితనం వద్దు. వెనక, పక్కలు, మెడ, ఫ్రెట్ల పలక నాలుగూ మన నెల్లూరు జిల్లా చెక్కతోనే. అట్టతో పలికింది వేపతో పలకదా!

ముందు పేర్లతో జాగ్రత్త. గిటార్ వాళ్లు 'సెడార్' అన్నారు కదా అని ఉదయగిరి వెళ్లి దేవదారు అడిగారనుకోండి, అక్కడ చెంచాలు, గరిటెలు చెక్కే వాళ్లు చూపించే దేవదారు మన కొండల్లో పెరిగే చిన్న చెట్టు. హిమాలయాల దేవదారు వేరు. పై పలకకు వాడే సెడార్ అమెరికా పడమటి తీరంలోది, ఈ రెండింటికీ సంబంధం లేదు. మెడకు వాడే స్పానిష్ సెడార్ ఇంకోటి, అది అసలు సెడారే కాదు, వేప కుటుంబం. ఇది మాత్రం మనకు పనికొచ్చే బంధుత్వం. మహాగని కూడా అదే కుటుంబం. మన రైతులు ప్లైవుడ్ కోసం పెంచుతున్న మలబారు వేపా అంతే, పైగా తేలిక. మెడకు దాన్నే తీసుకుందాం. త్వరగా పెరిగే చెట్టు కాబట్టి మెత్తన, మధ్యలో నిలువునా 6 మిల్లీమీటర్ల తుమ్మ పట్టీ దించితే వంగదు.

ఫ్రెట్ల పలకకు నల్ల తుమ్మ చేవ. బండి చక్రాలకు, నాగళ్లకు మన పెద్దవాళ్లు నమ్ముకున్న చెక్క, తీగల రాపిడి దానికొక లెక్కా? తెల్ల చెక్క మాత్రం ఒక్క అంగుళం కూడా రానివ్వకండి, పురుగు అక్కడే మొదలవుతుంది. సరుగుడు సముద్రం పక్క ఊళ్లలో చవకగా దొరుకుతుంది గానీ మెలి తిరుగుతుంది, పగులుతుంది, పందిళ్లకు వదిలేయండి. పనస దొరికితే అదృష్టమే. బొబ్బిలి వీణలు చేసేది దాంతోనే. తేనె రంగులో ఉండి ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది.

ఎర్రచందనం గురించి అడగబోతున్నారని తెలుసు. వెలిగొండల్లో మన కళ్లెదుటే ఉంది, జపాన్‌లో షామిసెన్ వాద్యాలకు వాడతారు, నిజమే. అయినా 'చిన్న ముక్కే కదన్నా' అని ఎవరైనా సంచిలో తెచ్చి చూపిస్తే ఆ మనిషితో టీ కూడా తాగొద్దు. అనుమతి కాగితాలు లేని ముక్క ఇంట్లో ఉంటే అది కేసే.

వెనకకూ పక్కలకూ నేను వాడింది వేప. కావలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల మిద్దె విప్పినప్పుడు వచ్చిన దూలం అది. పాత దూలాల్లో ఉన్న సుఖం, ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి. కష్టం, లోపల మేకులుంటాయి. కోత మిల్లులో మేస్త్రి దూలాన్ని చూడగానే, "ఒక్క మేకు తగిలినా నా బ్లేడు పోద్ది సార్, ఇంటికి తీసకపోయి చూసుకోని రాండి" అని వెనక్కి పంపాడు. పాత స్పీకర్‌లోని అయస్కాంతం ముక్కను దారానికి కట్టి, దూలం మీద వేలెడు ఎత్తున మెల్లగా నడిపించాను. మేకు ఉన్నచోట అది పక్కకు లాగి ఊగుతుంది. పైకి ఒక్క మేకూ కనపడని దూలంలో మూడు దొరికాయి.

కోయించేటప్పుడు మేస్త్రికి ఒకటే మాట చెప్పండి: పలక చివర చూస్తే వయసు గీతలు వెడల్పు ముఖానికి నిలువుగా నిలబడి ఉండాలి. అడ్డంగా పడుకున్న గీతల పలక తేమకు దాదాపు రెండింతలు కదులుతుంది. వేపలో గీతలు అంత తేటగా కనపడవు. చివరను చిత్రిక పట్టి తడిగుడ్డతో తుడవండి, బయటపడతాయి. వేప పీచు ఒకసారి ఇటూ ఒకసారి అటూ మెలికపడి ఉంటుంది కాబట్టి చిత్రిక పదునుగా, సన్నగా కొరికేలా పెట్టుకోవాలి, లేకపోతే పెచ్చులు లేస్తాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆ పొడి నోట్లోకి పోతే సాయంత్రం కాఫీ కూడా చేదే.

ఇప్పుడు తూకం. 300 × 50 × 5 మిల్లీమీటర్ల పట్టీ కోస్తే 75 ఘన సెంటీమీటర్లు. నా వేప పట్టీ 52 గ్రాములు తూగింది, అంటే ఘన సెంటీమీటరుకు 0.69 గ్రాములు. స్ప్రూస్ 0.4 దాటి కొంచెం, రోజ్‌వుడ్ 0.8 పైన. మధ్యలో ఉంది, వెనకకు బాగానే ఉంటుంది. తర్వాత మోత. 600 మిల్లీమీటర్ల పలకను ఒక చివర నుంచి 135 దగ్గర రెండు వేళ్లతో వదులుగా పట్టి, చెవి పక్కన వేలాడదీసి, పలక నడుమన వేలి కణుపుతో తట్టండి. పట్టుకునే చోటు మారితే మోత చచ్చిపోతుంది, అందుకే ఆ 135. వేప 'టొక్' అని త్వరగా ఆగింది. పనస ఇంకాస్త సాగింది. నిజం చెప్పాలంటే నా చెవికి పనసే బాగుంది, కానీ చేతిలో ఉన్నది అమ్మమ్మ దూలం.

అసలు పాఠం ఆరబెట్టడం. నా మొదటి గిటార్ వెనక పలకకు అడ్డబద్దలు కార్తీక మాసంలో అతికించాను. ముసురు, గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి, ఉత్సాహం ఆగలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, రోలు సంగతి ఏమో గానీ ఒక రాత్రి అల్మరా పైనుంచి 'టప్' మని వినపడింది. పొద్దున చూస్తే వెనక పలక నడుమ గీత పక్కనే జానెడు పగులు, వేలిగోరు దూరేంత. లెక్క చూస్తే ఆశ్చర్యమేం లేదు. గాలిలో తేమ 80 శాతం నుంచి 40కి దిగితే ఇంత వెడల్పు పలక అడ్డంగా మూడు నాలుగు మిల్లీమీటర్లు కుంచించుకోవాలని చూస్తుంది. అడ్డబద్దలు పొడవునా కదలవు, కదలనివ్వవు. పలకకు పగలడం తప్ప దారి లేదు. ఎండలో అతికించిందైతే వానల్లో కాస్త ఉబ్బుతుంది, అంతే.

కాబట్టి మన తీరంలో వానలు ఈశాన్యం నుంచి వచ్చే అక్టోబరు–డిసెంబరు నెలల్లో మెడ చెక్కుకోండి, నమూనా అచ్చులు చేసుకోండి, బద్దలు మాత్రం అతికించొద్దు. మే, జూన్‌లలో పడమటి గాలి తిరిగిన మధ్యాహ్నాలు దానికి సరైనవి. చవక రకం తేమ మీటరు ఒకటి గోడకు పెట్టుకుని, ముల్లు 45–50 మధ్య ఉన్నప్పుడే జిగురు డబ్బా మూత తీయండి.

కోసి తెచ్చిన పలకల చివరలకు పెయింట్ పూసి, మధ్యన ఒకే మందం పట్టీలు పెట్టి, నీడలో గాలాడేలా పేర్చండి. పైన బరువు ఉంచండి. ప్రతి ఆదివారం ఒక పలకను తూచి, ఆ బరువు పెన్సిల్‌తో దాని మీదే రాయండి. వరసగా మూడు వారాలు అంకె మారకపోతే ఆరినట్టు.

వచ్చే పాఠానికి కావలసినవి: వెనకకు 520 × 195 × 5 పలకలు రెండు, పక్కలకు 800 × 110 × 4 పలకలు రెండు, పక్కలకే ఒకటి అదనంగా. వేడి ఇనుప గొట్టం మీద వంచడం ఆ పాఠం, మొదటిది విరుగుతుంది.