దివ్యాంగుల సంస్థకి ప్రెసిడెంట్ అయ్యారా? కమిటీని ఇలా నడపండి

ముందు ఆ శాలువా మడిచి బీరువాలో పెట్టేయండి. సన్మానం అయిపోయింది, ఇక పని. జీతం లేని పదవే కావచ్చు, సంతకం మాత్రం మీది. రేపు బ్యాంకువాళ్లు పిలిచినా, ఆడిటర్ అడిగినా, కలెక్టరేట్ నుంచి తనిఖీకి ఎవరైనా వచ్చినా మీ మొహమే చూస్తారు. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఇలాంటి చిన్న సంస్థలు చాలా చూశాను, కొన్ని కమిటీల్లో ఏళ్ల తరబడి కూర్చున్నాను కూడా. డబ్బు లేక మూతపడినవి తక్కువే. ఏ మీటింగులో ఎవరు దేనికి ఒప్పుకున్నారో తేలక, ఒకరి మీద ఒకరు అలిగి, చివరికి తాళం వేసినవి ఎక్కువ.

కావలసిన సామాను గబగబా చెప్పేస్తాను. బైలా (సంస్థ నియమావళి) కాపీ, సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్, 12ఏ, 80జీ కాగితాలు (సంస్థకీ, దాతలకీ ఆదాయపు పన్ను మినహాయింపువి), పాసుబుక్, రశీదు పుస్తకాలు, వోచర్ల ఫైలు, సామాన్ల రిజిస్టరు. వీటితో పాటు ఇంకో సర్టిఫికెట్ ఉంది, చాలామంది దగ్గర ఉండనిది అదే. 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సొసైటీ అయిపోతుంది, కానీ దివ్యాంగుల కోసం కేంద్రమో హాస్టలో నడపాలంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం విడిగా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. మొదటిది ఉంది కదా అని రెండోదాన్ని గాలికి వదిలేసిన సంస్థలకి గ్రాంటు దరఖాస్తు పెట్టే రోజున గుర్తొస్తుంది. దాని గడువు తేదీ ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి.

మినిట్స్ పుస్తకం, అంటే మీటింగులో తేలినవి రాసే పుస్తకం, మాత్రం గట్టి అట్ట ఉన్నది, కుట్టినది, పేజీ నంబర్లు అచ్చు వేసినది కొనండి. స్పైరల్ వద్దు, విడి కాగితాలు అసలే వద్దు. నీలం బాల్‌పెన్నుతోనే రాయాలి. కొన్ని జెల్ పెన్నుల రాత తడి తగిలితే అలుక్కుపోతుంది.

మొదటి పని, బైలా చదవడం. ఒక సాయంత్రం చాలు. కోరం (మీటింగు చెల్లాలంటే కనీసం ఉండాల్సిన సభ్యులు) ఎంత, నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, చెక్కు మీద ఎవరెవరి సంతకాలు, పదవీకాలం ఎన్నేళ్లు. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని మినిట్స్ పుస్తకం లోపలి అట్టకి అంటించండి. అంతే.

రెండో పని, కమిటీలో ఎవరున్నారో చూసుకోవడం. డాక్టరు గారు, వకీలు గారు, రిటైరైన ఆఫీసరు గారు, బట్టల షాపు సేఠ్ గారు, అందరూ పెద్దమనుషులే. వాళ్లలో వీల్‌చైర్ వాడేవాళ్లు లేరు, చూపు లేనివాళ్లు లేరు, బిడ్డని ఎత్తుకుని బస్సెక్కే తల్లి లేదు. కమిటీలో సగం మందైనా వైకల్యం ఉన్నవాళ్లో, వాళ్ల తల్లిదండ్రులో ఉండాలి. ఇందులో బేరాల్లేవు. 1995 నాటి దివ్యాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో అవి 21 అయ్యాయి, ఆటిజం, తలసేమియా, సికిల్ సెల్ కూడా వచ్చాయి. పెద్దమనుషుల కమిటీలు మాత్రం ఇంకా ట్రైసైకిళ్ల దగ్గరే ఆగిపోయాయి. ఒక సంస్థ డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం చేసింది, పేరు ఎందుకులెండి. స్టేజీకి నాలుగు మెట్లు, ర్యాంపు లేదు. బహుమతి అందుకోవాల్సిన పిల్లల్ని నలుగురు కుర్రాళ్లు సంచుల్లా ఎత్తుకెళ్లి పైన పెడుతుంటే కింద ఫొటోలు తీశారు. ఆ పిల్లల తల్లుల్లో ఒక్కరు ఏర్పాట్ల మీటింగులో ఉన్నా ఆ స్టేజీ వేసేవారు కాదు.

మూడో పని, ఎజెండా. ఐదు అంశాలు దాటకూడదు. వారం ముందు అందరికీ చేరాలి. చూపు లేని సభ్యులకి కాగితం పంపి చేతులు దులుపుకోకండి, చదివి వాట్సాప్‌లో వాయిస్ పంపండి. అలాగే ‘ఇతర విషయాలు’ అనే అంశం పెట్టొద్దు. పెట్టారంటే ఒడిశా ప్రభుత్వమిచ్చే మధుబాబు పెన్షన్ ఎప్పుడు పడుతుంది, ఎవరి యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఎక్కడ ఆగింది అని పొద్దుపోయేదాకా అదే నడుస్తుంది. అవి చిన్న సమస్యలని కాదు. మా వైపు మరీ చిక్కు, పుట్టిల్లు ఆంధ్రలోని పాతపట్నంలో, అత్తారిల్లు పర్లాకిమిడిలో ఉన్న అమ్మాయి చేతిలో శ్రీకాకుళంలో తీసుకున్న సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉంటుంది, పెన్షనేమో ఒడిశాలో కావాలి. అలాంటివాటికి మీటింగుకి గంట ముందు ఒక టేబుల్ వేసి ఒకరిని కూర్చోబెట్టండి, కమిటీలోకి తేకండి.

నాలుగో పని తీర్మానం రాయడం. ఇక్కడ కాస్త నెమ్మదించండి, సంస్థలు పాడయ్యేది ఇక్కడే.

మామూలుగా జరిగేది చెప్తాను. మాటలన్నీ అయ్యాక టీ వస్తుంది, సెక్రటరీ గారు ఖాళీ పేజీ తిప్పి “సంతకాలు పెట్టేయండి, రాత్రి ఇంటి దగ్గర రాసుకుంటాను” అంటారు. అందరూ పెట్టేస్తారు. ఆయన మంచివాడే, అందులో సందేహం లేదు. కానీ రాత్రి ఆయన రాసేది ఆయనకి గుర్తున్నది, ఇంకా చెప్పాలంటే ఆయనకి నచ్చినది. “స్నానాల గదికి ర్యాంపు విషయమై చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.” ఏం ఆమోదించారు? ఎంతకి? ఎవరు కట్టించాలి? ఆర్నెల్ల తర్వాత మేస్త్రీ బిల్లు పట్టుకొస్తే ట్రెజరర్ నేను ఒప్పుకోలేదంటాడు, సెక్రటరీ నీ సంతకం ఇదిగో అంటాడు, అక్కడితో మాటలు బంద్.

అదే తీర్మానం ఇలా ఉండాలి: “కేంద్రంలో స్నానాల గది గుమ్మం 6 అంగుళాల ఎత్తు ఉంది. దానికి 6 అడుగుల పొడవున ర్యాంపు, ఒక పక్క కడ్డీ కట్టించాలి. ఖర్చు 15,000 రూపాయలు మించకూడదు. సెక్రటరీ మూడు కొటేషన్లు తెచ్చి ట్రెజరర్‌కి చూపించాలి. మార్చి 20లోగా పూర్తి కావాలి. వీల్‌చైర్ వాడే సభ్యురాలు ఎక్కి, దిగి, సరేనన్నాకే బిల్లు చెల్లించాలి.” ఏం, ఎంతలో, ఎవరు, ఎప్పటికి, అయిందని ఎవరు చెప్తారు. ఈ అయిదూ లేని వాక్యాన్ని నేను తీర్మానం అనను. అన్నట్టు ఆ 6 అడుగులు ఊరికే వేసిన లెక్క కాదు. ర్యాంపుకి అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి. పొడవు రాయకపోతే మేస్త్రీ రెండడుగుల్లో దడేల్‌మని దించేస్తాడు, వీల్‌చైర్ వెనక్కి పడుతుంది, కట్టిన సిమెంటు మళ్లీ పగలగొట్టించాలి.

రాయడం మీటింగులోనే, అందరి ముందే. టీ ఇవ్వడం రాత అయ్యాకే, ముందు కాదు. టీ గ్లాసు చేతికొస్తే లేచిపోయేవాళ్లు లేచిపోతారు.

రాశాక పైకి చదవాలి. మా వైపు కమిటీలో సగం మాట తెలుగు, సగం ఒడియా, పుస్తకం ఒడియాలో ఉంటుంది, ఆడిటర్‌కి ఇంగ్లీషు కావాలి. కొమ్ము బొమ్మలు చేసే ఒక తండ్రి ఒడియా చక్కగా మాట్లాడతాడు, అక్షరాలు మాత్రం రావు. కొండ ఊళ్ల నుంచి వచ్చే సవర తల్లిదండ్రులకి తెలుగూ ఒడియా రెండూ బయటి మాటలే. వీళ్లంతా తల ఊపుతారు. తల ఊపడాన్ని ఒప్పుకోవడం అనుకోకండి. పుస్తకం ఒకే భాషలో రాయండి, కానీ ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి గట్టిగా చదవండి, సవర వచ్చినవాళ్లు ఒకరుంటే మూడోసారి చెప్పించండి. అర్థమైందా అని మాత్రం అడక్కండి, ఎవరైనా అయిందనే అంటారు. “ఇంటికెళ్లాక ఈ రోజు ఏం తేలిందని చెప్తావు?” అని అడగండి. జవాబులో డబ్బు, తేదీ రెండూ రాలేదంటే ఇంకోసారి చదవాలి. టైమ్ పడుతుంది, పడనీయండి.

వినికిడి లేని సభ్యులుంటే సైన్ తెలిసినవాళ్లు పక్కన లేకుండా తీర్మానం మొదలెట్టొద్దు. వాళ్లకి అందరి మొహాలూ కనపడేలా కుర్చీలు గుండ్రంగా వేయండి, కిటికీకి వీపు పెట్టి ఎవరూ కూర్చోకూడదు, ఒకరి తర్వాత ఒకరే మాట్లాడాలి. నిజానికి ఈ నియమం అందరికీ పెడితే మీటింగు సగం టైమ్‌లో అయిపోతుంది. బుద్ధి వైకల్యం ఉన్న యువకుడు సభ్యుడైతే ప్రశ్న అతన్నే అడగండి. తల్లి పక్కనుంచి జవాబు అందిస్తుంది, ఆవిడని కాసేపు ఆపండి. కమిటీలో కూర్చున్నది అతను. ఇదే సందర్భంలో ఇంకో మాట, అలాంటి పిల్లలకి 18 నిండాక అమ్మానాన్నలు తమంతట తామే చట్టపరమైన సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో కలెక్టరుతో కూడిన లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. బ్యాంకు ఖాతా దగ్గర ఇరుక్కున్నాక పరిగెత్తే తల్లిదండ్రుల్ని చూసి చూసి విసుగొచ్చింది. మీ సంస్థలో 17 ఏళ్లవాళ్ల లిస్టు ఒకటి పెట్టుకుని ప్రతి ఏడాదీ ఎజెండాలోకి తెండి.

ఇక ‘ఏకగ్రీవంగా’ అనే మాట. అలవాటుగా రాసేస్తారు. ఒక్కరు వద్దన్నా రాయకండి. వద్దన్నవాళ్ల పేరు, కారణం ఒక్క లైనులో రాసి వాళ్లకే చదివి వినిపించండి. వద్దన్నది పుస్తకంలోకి ఎక్కాక మనిషి శాంతిస్తాడు, బయటకెళ్లి టీ కొట్టు దగ్గర చెప్పుకోడు. అలాగే ర్యాంపు కట్టే మేస్త్రీ సభ్యుడి తోడల్లుడు అయితే, ట్రైసైకిల్ లిస్టులో సభ్యురాలి మేనల్లుడు ఉంటే, ఆ అంశం వచ్చినప్పుడు ఆ సభ్యులు బయటకి వెళ్లాలి. వెళ్లారని పుస్తకంలో రాయాలి. ప్రెసిడెంట్ బంధువైతే ప్రెసిడెంటే వెళ్లాలి, మొదటిసారి మీరే లేచి చూపించండి, తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు.

సంతకాలు చివర. సంతకాలకీ రాతకీ మధ్య ఖాళీ ఉంటే అడ్డంగా గీత కొట్టండి. వేలిముద్ర వేసేవాళ్ల పక్కన ‘చదివి వినిపించింది ఫలానా’ అని ఆ మనిషి సంతకం కూడా ఉండాలి. తప్పు పడితే వైట్నర్ పూయొద్దు, ఒక్క గీతతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టండి. తర్వాతి మీటింగు మొదలవగానే పాత మినిట్స్ చదివి, అయినవేవో కానివేవో చెప్పండి.

ల్యాప్‌టాప్‌లో కొట్టి ప్రింటు తీస్తే నీటుగా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. మధ్య పేజీ మార్చేసినా అంతే నీటుగా ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో అందరూ బొటనవేలు బొమ్మ పెట్టారు కాబట్టి తీర్మానం అయిపోయిందనేవాళ్లతో నేను వాదన మానేశాను. ఆ బొమ్మల స్క్రీన్‌షాట్ పట్టుకుని బ్యాంకుకి వెళ్లి చూడమనండి. ఖాతాలో సంతకందారుల్ని మార్చాలంటే మేనేజరు అడిగేది తీర్మానం నకలు, ఏ తేదీన, ఎవరి స్థానంలో ఎవరు అని స్పష్టంగా ఉన్నది.

ఐదో పని డబ్బు, ఇందులో పెద్ద కష్టం లేదు. చెక్కు మీద ఇద్దరి సంతకాలు. ట్రెజరర్ విశాఖలో కొడుకు దగ్గర ఉంటున్నాడని చెక్కుబుక్కంతా ముందే సంతకాలు పెట్టించి ఉంచుకోవడం కుదరదు, ఊళ్లో ఉండేవాళ్లనే ట్రెజరర్‌గా పెట్టుకోండి. విరాళానికి రశీదు అక్కడికక్కడే. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే దాతకి 80జీ మినహాయింపు రాదని ముందే చెప్పండి, తర్వాత మీ మీద పడతారు. ఏటా ఆడిట్. ప్రతి మీటింగులో బ్యాంకు బ్యాలెన్సు పైకి చదవడం. అయిపోయింది.

ఆరో పని, ఏడాది చివర సర్వసభ్య సమావేశం. ఆ సమావేశం అయ్యాక 14 రోజుల్లో కమిటీ సభ్యుల పేర్లు, చిరునామాలు, వృత్తులు రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయాలి. అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ దాచుకోండి. కమిటీ మారకపోయినా లిస్టు ఇవ్వాల్సిందే, మారలేదు కదా అని మానేసిన ఏళ్లన్నీ తర్వాత ఒకేసారి మెడకి చుట్టుకుంటాయి.

మీ పదవీకాలం అయ్యాక దిగిపోండి. ఇంకో దఫా అని బతిమాలతారు, వినకండి. దిగేటప్పుడు మినిట్స్ పుస్తకం, బీరువా తాళాలు, ఫైళ్లు అన్నీ లిస్టు రాసి ఇద్దరి సంతకాలతో అప్పగించండి. అందరూ మర్చిపోయేది ఒకటుంది, ఫోన్ నంబరు. బ్యాంకు ఖాతాకి, ఇన్‌కమ్ ట్యాక్స్ లాగిన్‌కి, స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే దర్పణ్ పోర్టల్‌కి ఎవరో పాత సెక్రటరీ నంబరే ఉంటుంది, ఆయన ఇప్పుడు హైదరాబాదులో మనవడి దగ్గర ఉంటాడు, గ్రాంటు దరఖాస్తు ఆఖరి రోజున ఓటీపీ అక్కడికి పోతుంది, ఆయన మధ్యాహ్నం నిద్రలో ఉంటాడు. సంస్థ పేరు మీద ఒక సిమ్ తీసుకోండి, చిన్న బటన్ ఫోన్‌లో వేసి బీరువాలో పెట్టండి, దాని రీచార్జి తేదీ కూడా ఎజెండాలోకి ఎక్కించండి.