రంది మనిషి పత్తి గింజ ఎప్పుడు పెట్టాలె?

మిరుగు (మృగశిర కార్తె) దగ్గర పడిందంటే నల్లగొండ, పాలమూరు చెల్కల్లో, అంటే తేలిక ఎర్ర నేలల్లో, అందరికీ రందే, గుబులే. కొందరికి మాత్రం అది వానతో పోదు. సంబంధం చూసినా, బోరు వేసినా ముందు గుబులే పుడుతుంది. అది పిరికితనం కాదు, గుణం. అప్పటికప్పుడు పుట్టే ఆందోళన వేరు, స్వభావంలోనే ఉన్న ఆందోళన వేరు అని మనస్తత్వవేత్త స్పీల్‌బర్గర్ బృందం 1970లోనే రెంటికీ విడివిడి ప్రశ్నావళులు ఇచ్చింది.

ఇలాంటివాళ్లు ఎప్పుడూ వెనకాడతారనుకోవడం సగమే నిజం. నష్టం కన్నా ఏమైతదో తెలియకపోవడమే వాళ్లను ఎక్కువ తినేస్తుంది. అందుకే ఒకరు పదును పోయేదాకా ఆగుతారు. ఇంకొకరు ఆ గుబులు వదిలించుకోవడానికే మొదటి జల్లుకు గింజ పెట్టేస్తారు. పైపైన తడిసిన నేలలో గింజ ఉబ్బి, మొలక పైకి రాకముందే మాడిపోతుంది. మళ్లీ ప్యాకెట్లు కొనాలి.

కాబట్టి మొగులు లేనప్పుడే, మే నెలలోనే నోటుబుక్కులో రాసుకోండి: చెల్కలో 50–60, నల్లరేగడిలో 60–75 మిల్లీమీటర్లు పడితేనే పెడతా. పత్తికి ఆఖరి తేదీ ఏది, అది దాటితే కందా, ఆముదమా అన్నది కూడా ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడిగి అక్కడే రాయండి.

వాన కొలవడానికి నిలువు గోడల స్టీలు డబ్బా చాలు. చెట్టుకూ గోడకూ దూరంగా పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో చూసి నీళ్లు పారబోయండి. పిల్లల స్కేలుకు సున్నా గీత ముందు కొంచెం ఖాళీ ఉంటుంది. దాన్ని కోసేయకుంటే ప్రతిరోజూ లెక్క తక్కువే వస్తుంది. మధ్యలో వారం ఎండ కాస్తే పాత వాన కలపొద్దు. లెక్క కుదిరాక జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట్లో నొక్కండి. ముద్ద కట్టకుండా రాలిపోతే ఇంకా ఆగాలి.

సలహా ఇద్దరినే అడగండి: ఏఈఓను, మీలాంటి నేలే ఉన్న పక్క చేను రైతును. మూడో ఫోను ధైర్యం కోసం చేసేది. ఆ ధైర్యం గంటకే కరిగిపోతుంది, మళ్లీ ఇంకో ఫోను.

బోరు దగ్గర ఇది ఇంకా కష్టం. దుమ్ము తప్ప చుక్క రాని అర్ధరాత్రి, "ఇంకో వంద ఫీట్లు పోదామా?" అని బండివాళ్లు అడుగుతారు. పెట్టిన పైసలు కళ్లముందు తిరుగుతుంటే వద్దనడం ఎవరి వల్లా కాదు. ఎన్ని ఫీట్లు, ఎంత ఖర్చు అన్నది బండి రాకముందే కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. ఆపమనే మాట వాళ్లే చెప్పాలి.

రాత్రి రందికి మనస్తత్వవేత్త బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించిన పద్ధతి ఉంది. రోజూ సాయంత్రం ఒకే చోట, ఒకే వేళకు అరగంట కూర్చుని రందంతా అప్పుడే పడాలి. మిగతా వేళల్లో వస్తే ఆ అరగంటకు వాయిదా వేయాలి. పడుకునే ముందు మాత్రం వద్దు. రెండు వారాలైనా నిద్ర, తిండి సరిగా లేకుంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.