సైకిల్‌ను బండి గుద్దితే: నష్టపరిహారం కేసుకు లాయర్‌ను ఎలా ఎంచుకోవాలి?

తెల్లవారుజామున రోడ్డు మీద సైకిళ్లు తొక్కేది ఎవరో చూడండి. పేపర్ వేసే కుర్రాళ్లు, పాల క్యాన్లు కట్టుకున్నవాళ్లు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్లు, హ్యాండిల్‌కు క్యారేజీ తగిలించుకుని పనికెళ్లే తాపీ మేస్త్రీలు. వీళ్లలో ఎవరినైనా కారో లారీయో గుద్దితే ఇంట్లో మొదట వినపడే మాట ఒకటే: “మనకు లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు లేదు, కేసు పెడితే ఏమొస్తుంది?” ఇలా అనుకునే చాలామంది హక్కుగా రావలసిన డబ్బు వదిలేసుకుంటున్నారు.

సైకిల్ మోటారు వాహనం కాదు. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు ఏవీ అక్కర్లేదు. (250 వాట్లు దాటని మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు మించని వేగంతో నడిచే బ్యాటరీ సైకిల్‌కు కూడా అంతే.) పరిహారం కట్టాల్సింది మిమ్మల్ని గుద్దిన బండి తాలూకు ఇన్సూరెన్స్ కంపెనీ. 1988 మోటారు వాహనాల చట్టం ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు (ఆ బండి వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) తప్పనిసరి చేసింది ఇలాంటివాళ్ల కోసమే. కాబట్టి ఇది ఎవరి దయా కాదు. కాకపోతే కాగితాలు సరిగా ఉండాలి, ఆ కాగితాలు చదవడం తెలిసిన లాయర్ దొరకాలి.

1. లాయర్ దగ్గరికి వెళ్లేముందే మొదటి వారం కాగితాలు జాగ్రత్త చేయండి

ముందు వైద్యం. 108కో 112కో ఫోన్ చేయండి. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద, మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదంలో గాయపడినవాళ్లకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స చేయాలి. ఆసుపత్రిలో చేర్చేటప్పుడే దీని గురించి అడగండి.

అక్కడే ఇంకో సంగతి ఉంది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ “ఏమైంది?” అని అడిగితే, కంగారులో తోడొచ్చినవాళ్లు “సైకిల్ మీంచి పడ్డాడండీ” అనేస్తారు. ఆయన అదే రాసుకుంటాడు. ఏడాది తర్వాత కోర్టులో ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ ఆ ఒక్క ముక్క పట్టుకుని, “బండి గుద్దలేదు, తనే పడ్డాడు, తర్వాత ఏదో బండి నంబరు తెచ్చి ఇరికించారు” అని వాదిస్తాడు. అందుకని ఏ బండి గుద్దిందో, ఎక్కడ, ఎన్ని గంటలకు గుద్దిందో స్పష్టంగా చెప్పండి. మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయాల్సిన గాయం కేసుగా) నమోదు చేశారో లేదో కనుక్కోండి.

తర్వాత పోలీస్ స్టేషన్. ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన కేసు పోదు గానీ, ఆలస్యానికి కారణం (ఐసీయూలో ఉండటం లాంటిది) అందులోనే రాయించాలి. 2024 జులై 1 నుంచి జరిగిన ప్రమాదాలకు భారతీయ న్యాయ సంహిత కింద కేసు కడతారు. నిర్లక్ష్యంగా బండి నడిపితే 281, గాయాలైతే 125, ప్రాణం పోతే 106(1) సెక్షన్లు పెడతారు. ఫిర్యాదు చేసినవాళ్లకు ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. దగ్గర్లోని షాపుల సీసీ కెమెరాల్లో వీడియో కొన్నాళ్లకే చెరిగిపోతుంది. దాన్ని వెంటనే తీసుకోమని స్టేషన్‌లో రాతపూర్వకంగా అడగండి. వంగిపోయిన సైకిల్‌ను బాగు చేయించకండి, అమ్మేయకండి. ఫొటోలు తీసి అలాగే ఉంచండి. వెనక చక్రం నలిగిందంటే బండి వెనక నుంచి గుద్దిందని ఆ చక్రమే సాక్ష్యం చెబుతుంది.

బండి నంబరు తెలిస్తే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఇన్సూరెన్సు ఏ తేదీ దాకా ఉందో చూపిస్తుంది.

2. రాజీ మాట వస్తే తొందరపడకండి

రెండో రోజో మూడో రోజో బండి ఓనరు తరఫున పెద్దమనుషులు వస్తారు. “కేసు గీసు ఎందుకు, ఆసుపత్రి ఖర్చు మేం పెట్టుకుంటాం, ఇదిగో పదివేలు” అంటారు. ఇంట్లో డబ్బుల్లేక, పైగా టెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఆ మాట పెద్ద ఊరటగా ఉంటుంది. కానీ ఎఫ్‌ఐఆర్ లేకుండా ఒక కాగితం మీద సంతకం పెట్టేస్తే, కాలికి రెండో ఆపరేషన్ పడ్డప్పుడు ఆ పెద్దమనుషులు ఫోన్ ఎత్తరు. పరిహారం కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీ అని ఓనరుకూ చెప్పండి. ఇన్సూరెన్సు ఉంటే మామూలుగా పరిహారం ఆయన జేబులోంచి పోదని తెలిస్తే చాలామంది మెత్తబడతారు. ఇన్సూరెన్సు లేని బండి అయితే భారమంతా ఓనరు మీదే పడుతుంది. అప్పుడు వసూలు కష్టం కాబట్టి లాయర్‌ను ఇంకా ముందే కలవాలి.

ఆసుపత్రి వార్డుల్లో తిరుగుతూ “లాయర్ గారు పంపారు, ఇక్కడ సంతకం పెట్టండి” అనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. కేసుల కోసం మనుషుల వెంట పడటం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. అలా మొదలుపెట్టిన మనిషి చేతిలో మీ కేసు పెట్టకండి.

3. గడువు ఆరు నెలలే అనుకోండి

2022 ఏప్రిల్ నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో (రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు చూసే కోర్టులో) పిటిషన్ వేయాలనే నియమం ఉంది. ఈ గడువును సవాలు చేస్తూ వేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఆ తీర్పుల మీద ఆశ పెట్టుకుని కూర్చోకుండా, ఆరు నెలల్లోపే వేసేయండి. అంటే మొదటి రెండు నెలల్లో లాయర్ ఖాయం కావాలి.

గుద్దిన బండి ఏదో అసలు తెలియకపోతే దారి వేరు, దానికి లాయర్ లేకపోయినా ఫర్వాలేదు. హిట్ అండ్ రన్ పథకం కింద మరణిస్తే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇస్తారు. రెవెన్యూ అధికారి విచారణ చేస్తారు, మంజూరు కలెక్టర్ స్థాయిలో జరుగుతుంది. ఆర్డీవో లేదా తహసీల్దార్ ఆఫీసులో అడగండి. ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయమే.

4. పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

కేసు ఎక్కడ వేయాలో ముందు తేల్చుకోండి. ప్రమాదం జరిగిన చోటే వేయాలనేం లేదు. మీరు ఉండే ఊరు ఏ ట్రిబ్యునల్ కిందికి వస్తే అక్కడా వేయొచ్చు. కర్నూలు మనిషికి హైదరాబాద్‌లో ప్రమాదం జరిగితే కర్నూలులోనే వేసుకోవచ్చు. ప్రతి వాయిదాకూ ఛార్జీలు పెట్టుకుని తిరిగే బాధ తప్పుతుంది. జిల్లా కోర్టుల్లోనే ఈ ట్రిబ్యునళ్లు నడుస్తాయి. మన దగ్గర ఈ కేసుల్ని ఎంవీఓపీలు అంటారు. కోర్టు ఆవరణలో “ఎంవీఓపీలు ఎక్కువగా ఎవరు చూస్తారండీ?” అని ఇద్దరు ముగ్గురిని అడిగితే అవే పేర్లు మళ్లీ మళ్లీ వినపడతాయి. భూమి తగాదాల్లో గొప్ప పేరున్న లాయర్ ఈ పనికి సరిపోకపోవచ్చు.

ఆ పేర్లు తీసుకుని ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ చూడండి. చాలామందికి తెలియని సదుపాయం ఇది, ఉచితం కూడా. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని కేస్ స్టేటస్‌లో అడ్వకేట్ పేరుతో వెతికితే ఆయన కేసుల జాబితా వస్తుంది. అందులో ఎంవీఓపీలు ఎన్ని ఉన్నాయో చూడండి. ముగిసిన వాటిలో నాలుగైదు తెరిచి ఆర్డర్లు చదవండి. ఎంత అడిగారు, ఎంత వచ్చింది, ఎందుకు తగ్గించారు అన్నది జడ్జి అందులోనే రాస్తారు. “డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్” అని వరుసగా కనిపిస్తే, వాయిదాలకు ఎవరూ హాజరు కావడం లేదని అర్థం. ఆ పేరు పక్కన పెట్టండి.

డబ్బు పెట్టుకోలేని స్థితిలో ఉంటే జిల్లా కోర్టులోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. మిగతావాళ్లకు రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది. ఉచితం అనగానే తక్కువ చూపు చూడకండి. ఆ ప్యానెల్‌లో శ్రద్ధగా పనిచేసేవాళ్లు ఉన్నారు.

5. మొదటిసారి కలిసినప్పుడు ఆయన ఏం అడుగుతున్నారో వినండి

మీరు కూర్చోగానే “ఇరవై లక్షలు ఇప్పిస్తా” అన్నారంటే లేచి వచ్చేయండి. మంచి లాయర్ ముందు ఎఫ్‌ఐఆర్, వూండ్ సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ అడుగుతారు. ఆ తర్వాత మీ పని గురించి అడుగుతారు. ఏం చేస్తారు, ఏ చేత్తో చేస్తారు, ఇప్పుడు ఏది చేయలేకపోతున్నారు? పరిహారం లెక్కంతా దీని మీదే ఉంటుంది. 2011లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఒక చెయ్యి పోయిన గుమాస్తా మళ్లీ కుర్చీలో కూర్చోగలడు, అదే చెయ్యి పోయిన వడ్రంగికి సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే. డాక్టర్ రాసిన వైకల్యం శాతం ఒకటి, సంపాదనలో నష్టం శాతం ఇంకొకటి.

ఒక లెక్క చూడండి. 34 ఏళ్ల మేస్త్రీ, నెలకు 12 వేల సంపాదన, సంపాదనలో నష్టం 30 శాతం అని కోర్టు తేల్చిందనుకుందాం. ఏడాదికి 1,44,000. అందులో 30 శాతం 43,200. ఆ వయసుకు గుణకం (ఏడాది నష్టాన్ని ఎన్నిసార్లు లెక్కించాలో వయసును బట్టి కోర్టులు వాడే అంకె) 16. మొత్తం 6,91,200. ఇక్కడితో ఆగిపోయే లాయర్లు ఉన్నారు. సొంతంగా పని చేసుకునే, 40 ఏళ్లు నిండనివాళ్లకు భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పింది. బతికి ఉండి వైకల్యం పొందినవాళ్లకూ అది వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అది కలిపితే అదే మేస్త్రీకి 9,67,680 వస్తుంది. వైద్యం ఖర్చు, నొప్పి, బాధ వీటికి ఇచ్చేది అదనం. ఒక్క పాయింటు అడగకపోతే రెండు లక్షల డెబ్బై ఆరు వేలు పోతాయి. మీ ముందున్న లాయర్‌ను ఇదే అడగండి: “ఫ్యూచర్ ప్రాస్పెక్ట్స్ (ఈ పెరిగే సంపాదన) అడుగుతారా సార్?”

ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద వేస్తారా, 164 కిందా? 164లో అవతలివాళ్ల తప్పు నిరూపించక్కర్లేదు గానీ తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు అంతే. 166లో తప్పు నిరూపించాలి, మొత్తానికి హద్దు లేదు. రెండో ప్రశ్న, వైకల్యం గురించి చెప్పడానికి డాక్టర్‌ను సాక్షిగా పిలిపిస్తారా? సర్టిఫికెట్ ఒక్కటే దాఖలు చేసి ఊరుకుంటే శాతం కోసేస్తారు. మూడోది, అవతలి ఇన్సూరెన్స్ కంపెనీ ప్యానెల్‌లో (ఆ కంపెనీ తరఫున వాదించే లాయర్ల జాబితాలో) మీరు ఉన్నారా? ఉంటే మర్యాదగా సెలవు తీసుకోండి.

మీ తప్పేదైనా ఉంటే దాచకండి. రాత్రి లైటు లేకుండా వెళ్లారా, రాంగ్ సైడ్‌లో వెళ్లారా? అవతలివాళ్లు ఎలాగూ తవ్వుతారు. మీది కొంత తప్పున్నా ఆ మేరకు పరిహారం తగ్గిస్తారు తప్ప కేసు మొత్తం పోదు. సైకిల్‌కు హెల్మెట్ తప్పనిసరి అనే చట్టం లేదు కాబట్టి దాని గురించి భయపడక్కర్లేదు.

6. ఫీజు

“గెలిస్తే ఇంత శాతం” అనే ఒప్పందం మన దేశంలో లాయర్లు చేసుకోకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు దాన్ని నిషేధించాయి. అయినా ఈ కేసుల్లో ఆ మాట తరచుగా వినపడుతుంది. చేతిలో డబ్బు లేనివాళ్లకు అది సులువుగా అనిపించడం సహజమే, కానీ కాలు పోయిన మనిషికి వచ్చిన సొమ్ములో పెద్ద ముక్క అలా పోవడం అన్యాయం. ఒక మొత్తం మాట్లాడుకుని విడతలుగా ఇవ్వండి. పిటిషన్ వేసినప్పుడు కొంత, సాక్ష్యాలప్పుడు కొంత, తీర్పయ్యాక కొంత అనుకోండి. కోర్టు ఫీజు, సమన్లు, డాక్టర్ సాక్ష్యం ఖర్చు అందులో కలిశాయో లేదో రాయించుకోండి. ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడగండి.

7. వకాలత్ (మీ తరఫున వాదించడానికి లాయర్‌కు అధికారమిచ్చే కాగితం) మీద సంతకం పెట్టేటప్పుడు

ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకం వద్దు. ఒరిజినల్ బిల్లులు కోర్టులో దాఖలు చేయాల్సి ఉంటుంది, ఇచ్చేముందు అన్నీ జిరాక్స్ తీసుకుని జాబితా మీద లాయర్ గారి గుమాస్తా చేత సంతకం చేయించుకోండి. పరిహారం పడే బ్యాంకు ఖాతా మీ పేరు మీదే ఉండాలి. పాస్‌బుక్, ఏటీఎం కార్డు మీ ఇంట్లోనే ఉండాలి. మనిషి చనిపోయిన కేసైతే భార్య, పిల్లలు, అమ్మానాన్నలు అందరినీ పిటిషనర్లుగా చేర్చారో లేదో చూసుకోండి. ముసలి తల్లిని మర్చిపోవడం తరచూ జరుగుతుంది.

కేసు నంబరు రాగానే ఫోన్‌లో ఈకోర్ట్స్ యాప్‌లో పెట్టుకుంటే వాయిదా తేదీలు మీకే కనిపిస్తాయి. లాయర్ బొత్తిగా పట్టించుకోకపోతే మార్చుకునే హక్కు మీకు ఉంది. ఇవ్వాల్సిన ఫీజు తేల్చి, పాత లాయర్ దగ్గర నో అబ్జెక్షన్ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకుని కొత్త వకాలత్ వేయించండి.

మధ్యలో లోక్ అదాలత్‌లో సెటిల్ చేసుకుందామంటారు. త్వరగా డబ్బు చేతికొస్తుంది కాబట్టి కొన్నిసార్లు అదే మంచిది. కానీ అక్కడ ఒప్పుకున్న మొత్తం మీద అప్పీలు ఉండదు. పై లెక్క ఒకసారి మళ్లీ వేసుకుని, కంపెనీ చెప్పే అంకె దానికి దగ్గరగా ఉంటేనే తలూపండి. ట్రిబ్యునల్ తీర్పు తక్కువగా వచ్చిందనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు. అందుకు సర్టిఫైడ్ కాపీ కావాలి, తీర్పు వచ్చిన రోజునే దానికి దరఖాస్తు పెట్టించండి.